ఐదు వాట్ల హ్యాండీ దూరం పలకాలంటే: బెంగళూరు మిద్దెల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

హ్యామ్ (అభిరుచి రేడియో) లైసెన్సు చేతికొచ్చి, కాల్‌సైన్ (గాలిలో మన పేరుగా పలికే గుర్తు) ఖరారై, మొదటి హ్యాండీ (చేతిలో పట్టే రేడియో సెట్టు) కొన్న వారంలోనే అందరికీ ఒకే సందేహం వస్తుంది: దీని రేంజ్ పెంచేదెలా? మారతహళ్లిలో మూడో అంతస్తు ఫ్లాటులో కూర్చుని పీటీటీ (మాట్లాడటానికి నొక్కే బటన్) నొక్కితే రిపీటర్ (మన మాటను అందుకుని తిరిగి ప్రసారం చేసే స్టేషన్) ఒకసారి తెరుచుకుంటుంది, ఒకసారి తెరుచుకోదు. జయనగర్‌లోని మిత్రుడికి మన గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. వెంటనే చేయి స్క్రూడ్రైవర్ మీదికి పోతుంది.

నా సలహా సూటిగా చెబుతాను. రేడియోను విప్పకండి. దూరం పెరగడానికి దాని లోపల మార్చవలసింది దాదాపు ఏమీ లేదు. మార్చవలసినవి మూడూ బయటే ఉన్నాయి: యాంటెన్నా, అది ఉన్న ఎత్తు, రెండింటినీ కలిపే కేబుల్. ఈ మూడింటి మీద పెట్టే రెండు ఆదివారాల శ్రమ ఏ యాంప్లిఫయరూ ఇవ్వని ఫలితం ఇస్తుంది. ఆ పనిని మొదటి నుంచి చివరి దాకా, కొలతలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

చేయకూడని మార్పు

కొందరు రేంజ్ పెంచడమంటే ఫ్రీక్వెన్సీ హద్దులు తెరవడం అనుకుంటారు. లోపల ఒక చిన్న డయోడో జంపరో తీసేస్తే, లేదా సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి మారిస్తే, సెట్టు హ్యామ్ బ్యాండ్ బయట కూడా ప్రసారం చేస్తుంది. దాని వల్ల మీ గొంతు ఒక్క మీటరు కూడా ఎక్కువ దూరం పోదు. పైగా అది నేరం. భారతదేశంలో మనకు కేటాయించిన వీహెచ్‌ఎఫ్ బ్యాండ్ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్, యూహెచ్‌ఎఫ్ బ్యాండ్ 434 నుంచి 438 మెగాహెర్ట్జ్. అమెరికా వాళ్ల వీడియోలు చూసి 147 లోనో 446 లోనో మాట్లాడటం ఇక్కడ కుదరదు. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య విమానాల సంభాషణలు నడుస్తాయి. ఇంత రద్దీ విమానాశ్రయం ఉన్న నగరంలో అటువైపు పొరపాటున కూడా పోకూడదు. 446.0 నుంచి 446.2 దాకా లైసెన్సు అక్కరలేని చిన్న వాకీటాకీలకు ఇచ్చారు. కానీ అది తక్కువ పవరుతో పనిచేసే, అందుకోసమే తయారైన సెట్లకు మాత్రమే. హ్యామ్ హ్యాండీతో అక్కడ ప్రసారం చేయడం నిబంధనకు విరుద్ధం.

అందుకే మొదటి పని తాళం తీయడం కాదు, తాళం వేయడం. చాలా చవక చైనా సెట్లు ఫ్యాక్టరీ నుంచే విశాలమైన హద్దులతో వస్తాయి. ప్రోగ్రామింగ్ కేబుల్ పెట్టి, ప్రసార హద్దులను 144–146, 434–438 కి బిగించండి. మీ తర్వాత ఆ సెట్టు ఎవరి చేతిలోకి వెళ్లినా ప్రమాదం ఉండదు. ఇంకా లైసెన్సు లేని వారు వినడం దగ్గరే ఆగాలి. టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష నిర్వహిస్తుంది, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్ ద్వారా చేసుకోవాలి. రిస్ట్రిక్టెడ్ గ్రేడు లైసెన్సుకు మోర్స్ (చుక్కలు, గీతల సంకేతాల) పరీక్ష కూడా లేదు.

పవర్ ఎందుకు జవాబు కాదు

ఐదు వాట్లను పది వాట్లు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ (సిగ్నల్ బలాలను పోల్చే కొలత). అవతలి సెట్టులో సిగ్నల్ బలం చూపే ఎస్-మీటరు ఒక గీత కదలాలంటే 6 డెసిబెల్స్ కావాలి, అంటే ఇరవై వాట్లు. ఒక్క గీత కోసం నాలుగు రెట్ల పవర్, దానికి తగ్గ బ్యాటరీ, వేడి, డబ్బు. పైగా చవక హ్యాండీలు అసలు ఫ్రీక్వెన్సీతో పాటు దాని రెట్టింపు, మూడు రెట్ల ఫ్రీక్వెన్సీల మీద కూడా కొంత చెత్త వదులుతాయి. సరైన ఫిల్టర్ లేని యాంప్లిఫయరు ఆ చెత్తను కూడా పెంచి పంపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, యాంప్లిఫయరు మన మాటను పెంచుతుంది గానీ మన వినికిడిని పెంచదు. అవతలివాళ్లు మనల్ని వింటారు, మనం వాళ్లను వినలేం. యాంటెన్నా మాత్రం రెండు వైపులా పనిచేస్తుంది.

ఇక ఎత్తు. వీహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు చూపు మేరకే పోతాయి. సమతల నేల మీద రేడియో దిగంతం ఎంత దూరమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది: యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12 తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. నేల మీద నిలబడి ఒకటిన్నర మీటరు ఎత్తులో సెట్టు పట్టుకుంటే 5 కిలోమీటర్లు. నాలుగంతస్తుల మిద్దె మీద, 15 మీటర్ల ఎత్తులో యాంటెన్నా ఉంటే 16 కిలోమీటర్లు. అవతలి వైపు యాంటెన్నా దిగంతాన్ని దీనికి కలుపుకోవాలి. రిపీటర్ యాంటెన్నా 50 మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే దాని వంతు 29 కిలోమీటర్లు. నడిరోడ్డు మీది నుంచి మొత్తం 34, మిద్దె మీది నుంచి 45.

ఇది కాగితం మీది లెక్క. బెంగళూరు సమతలం కాదు. ఊరి మధ్య నుంచి ఉత్తర దక్షిణాలుగా ఒక మెట్ట సాగుతుంది, దానికి రెండు వైపులా నేల వాలుతూ పోతుంది. చెరువు పల్లాల్లో ఉన్న పేటలకు, మెట్ట మీద ఉన్న పేటలకు అనుభవం వేరు. దారిలో గాజు, కాంక్రీటు భవనాలు, తడిసిన చెట్ల కొమ్మలు ఉంటే, ముఖ్యంగా యూహెచ్‌ఎఫ్‌లో, నష్టం చాలా ఉంటుంది. అయినా లెక్క చూపే దారి నిజమే: పైకి వెళ్లిన ప్రతి మీటరుకూ ఫలితం ఉంటుంది.

మొదటి మెట్టు: పైసా ఖర్చు లేని సర్దుబాట్లు

ఏదైనా కొనే ముందు సెట్టులోని అమరికలు చూడండి. "రేంజ్ లేదు" అని తెచ్చి చూపించే సెట్లలో చాలావాటికి జబ్బు ఇక్కడే ఉంటుంది.

పవర్ హై మీద ఉందా? బ్యాటరీ పొదుపు కోసం లో మీద పెట్టి మరిచిపోతారు. రిపీటర్ షిఫ్ట్ సరిగా ఉందా? మన వీహెచ్‌ఎఫ్ రిపీటర్లలో సాధారణంగా 600 కిలోహెర్ట్జ్ తేడా ఉంటుంది, మనం ప్రసారం చేసేది రిపీటర్ పలికే ఫ్రీక్వెన్సీ కన్నా దిగువన. సీటీసీఎస్‌ఎస్ టోన్ (మాటతో పాటు రిపీటర్‌కు పంపే గుర్తింపు స్వరం) అవసరమైన చోట పెట్టారా? టోన్ తప్పయితే రిపీటర్ కింద నిలబడినా అది తెరుచుకోదు. బ్యాండ్‌విడ్త్ (సిగ్నల్ ఆక్రమించే వెడల్పు) నారో మీద ఉంటే, వైడ్‌లో నడిచే రిపీటర్ మీద మన గొంతు సన్నగా, దూరంగా వినిపిస్తుంది. ఇది సిగ్నల్ లోపం కాదు, మైకును ఎంత దగ్గర పెట్టుకున్నా తీరదు. స్క్వెల్చ్‌ను (సిగ్నల్ లేనప్పుడు స్పీకరును మూసే అమరిక) రొద ఆగే అంచు వరకే పెట్టండి. అంతకు మించి బిగిస్తే బలహీనమైన స్టేషన్లు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

తర్వాత, సెట్టును పట్టుకునే తీరు. ఎఫ్ఎం సంభాషణలన్నీ నిలువు ధ్రువణతతో, అంటే యాంటెన్నాలు నిటారుగా ఉంచి, జరుగుతాయి. చెంపకు ఆనించి వాలుగా పట్టుకుంటే అక్కడే కొంత పోతుంది. నడుముకు తగిలించుకుని స్పీకర్ మైకుతో మాట్లాడితే మన ఒళ్లే సిగ్నల్‌లో పెద్ద వాటాను మింగేస్తుంది. సెట్టును నిటారుగా, ముఖానికి కాస్త దూరంగా పట్టుకోండి. ఇంట్లో ఉంటే కిటికీ దగ్గరకు, కుదిరితే బాల్కనీలోకి రండి. పీటీటీ నొక్కిన తర్వాత ఒక అర క్షణం ఆగి మాట్లాడండి, రిపీటర్ తెరుచుకునే లోపు మీ కాల్‌సైన్‌లో మొదటి అక్షరాలు పోకుండా ఉంటాయి.

రెండో మెట్టు: సెట్టుకు తోక

సెట్టుతో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా సగం యాంటెన్నాయే. రెండో సగం పాత్రను సెట్టు లోహపు చట్రం, దాన్ని పట్టుకున్న మన చేయి పోషిస్తాయి. 145 మెగాహెర్ట్జ్ వద్ద పావు తరంగం (తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు) అంటే అర మీటరు. సెట్టు చట్రం పొడవు పది, పన్నెండు సెంటీమీటర్లు. ఆ రెండో సగం చాలక సిగ్నల్ బయటికి సరిగా పోదు. దానికి విరుగుడు, హ్యాములు టైగర్ టెయిల్ అని పిలిచే ఒక వైరు ముక్క.

మెత్తని బహుతీగల వైరు 49 సెంటీమీటర్లు కత్తిరించండి. ఒక చివర ఒక రింగు లగ్ సోల్డర్ చేయండి. యాంటెన్నా విప్పి, కనెక్టర్ బయటి లోహపు మరకు ఆ రింగు తగిలేలా తొడిగి, యాంటెన్నాను మళ్లీ బిగించండి. రింగు పల్చగా ఉండాలి. మందంగా ఉంటే యాంటెన్నా పూర్తిగా దిగక మధ్య పిన్ను తాకదు, అలాంటి స్థితిలో ప్రసారం చేస్తే సెట్టు చివరి ట్రాన్సిస్టర్‌కు హాని. రింగు ఎట్టి పరిస్థితిలోనూ మధ్య పిన్నుకు తగలకూడదు, మల్టీమీటరుతో చూసుకోండి. రెండో చివరను మడిచి ఇన్సులేషన్ టేపు చుట్టేయండి. వైరు స్వేచ్ఛగా కిందికి వేలాడాలి.

యూహెచ్‌ఎఫ్ ఎక్కువ వాడేవారు 16.4 సెంటీమీటర్ల ముక్క ఇంకొకటి అదే రింగుకు కలపవచ్చు. ఇంత చిన్న పనికి ఇంత తేడా వస్తుందని విని నమ్మలేం. రిపీటర్ అంచున ఉన్న చోట నిలబడి, తోక తగిలించి, తీసి, మిత్రుడిని అడిగి చూడండి.

రబ్బరు యాంటెన్నా బదులు పావు తరంగం పొడవున్న సన్నని విప్ (కడ్డీ యాంటెన్నా) కొనేటప్పుడు కనెక్టర్ గమనించండి. యాయెసు (Yaesu), ఐకామ్, కెన్‌వుడ్ కంపెనీల హ్యాండీలలో సెట్టు వైపు ఎస్‌ఎంఏ రకం కనెక్టర్ ఫిమేల్ (గుంట ఉన్నది) ఉంటుంది. బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటి వాటిలో సెట్టు వైపు మేల్ (పిన్ను ఉన్నది) ఉంటుంది. ఇది చూసుకోకుండా కొంటే మళ్లీ దుకాణం చుట్టూ తిరగాలి.

మూడో మెట్టు: మిద్దె మీద గ్రౌండ్ ప్లేన్

ఈ మార్గదర్శికి గుండెకాయ ఇదే. మధ్యలో నిలువుగా ఒక కడ్డీ, దాని అడుగున నాలుగు దిక్కులకూ కిందికి వాలిన నాలుగు కడ్డీలు (రేడియల్స్). ఇంత సరళమైన యాంటెన్నా ఇంత నమ్మకంగా పనిచేయడం నాకు ఇప్పటికీ ఆనందం కలిగిస్తుంది.

కావలసినవి: నాలుగు రంధ్రాల చదరపు అంచు ఉన్న ఎస్‌ఓ-239 కనెక్టర్ ఒకటి, దానికి సరిపోయే పీఎల్-259 (కేబుల్ కొసన పెట్టే ప్లగ్గు), నాలుగు 3 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్క్రూలు, నట్లు, వాషర్లు, కేబుల్, పీవీసీ పైపు. ఎలక్ట్రానిక్స్ సామానంతా ఎస్‌పీ రోడ్డులో దొరుకుతుంది. శనివారం సాయంత్రం ఆ సందుల్లో నడవడమే కష్టం, పనిదినం ఉదయం వెళితే దుకాణదారు కనెక్టర్ చేతికిచ్చి చూడనిస్తాడు. చూడండి కూడా: నాసిరకం ఎస్‌ఓ-239 లో మధ్యనున్న తెల్లని ఇన్సులేటర్ సోల్డరింగ్ వేడికి కరిగిపోతుంది. టెఫ్లాన్ ఉన్నది అడిగి తీసుకోండి. కడ్డీల కోసం గ్యాస్ వెల్డింగ్ సామాను అమ్మే కొట్టులో ఇత్తడి బ్రేజింగ్ రాడ్లు అడగండి. రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల మందం, 54 సెంటీమీటర్లకు తగ్గకుండా ఐదు ముక్కలు వచ్చేలా చూసుకోండి. పైన ఫ్లక్స్ పూత లేనివి తీసుకోండి, సోల్డర్ బాగా పడుతుంది.

పొడవుల లెక్క: 71.5 ని మెగాహెర్ట్జ్ సంఖ్యతో భాగిస్తే పావు తరంగం మీటర్లలో వస్తుంది. 145 కి 49.3 సెంటీమీటర్లు. రేడియల్స్ దీనికి ఐదు శాతం ఎక్కువ, అంటే దాదాపు 51.8. కత్తిరించేటప్పుడు మాత్రం నిలువు కడ్డీని 52, రేడియల్స్‌ను 54 ఉంచండి. తగ్గించడం క్షణం పని, అతికించడం కాదు.

నిలువు కడ్డీ ఒక చివరను గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, ముందుగా దానికి సోల్డర్ పట్టించండి. కనెక్టర్ మధ్యలోని గుంటకూ కాస్త పట్టించండి. ఇరవై అయిదు వాట్ల సన్న ఐరన్ ఇంత లావు ఇత్తడిని వేడెక్కించలేదు, అరవై వాట్లది కావాలి. కనెక్టర్‌కు కింద ఒక పీఎల్-259 బిగించి పెట్టుకుంటే వేడికి మధ్య పిన్ను వంకర పోకుండా ఉంటుంది. కడ్డీని గుంటలో నిటారుగా నిలిపి, వేడి చేసి, సోల్డర్ నిండనిచ్చి, అది గట్టిపడేదాకా కదపకండి.

రేడియల్స్ ఒక్కోదాని చివర స్క్రూ పట్టే చిన్న కన్ను వంచి, కనెక్టర్ అంచులోని రంధ్రాలకు బిగించండి. నాలుగూ 45 డిగ్రీలు కిందికి వంచండి. ఈ వంపు ఊరికే కాదు. రేడియల్స్ అడ్డంగా చాచి ఉంటే యాంటెన్నా నిరోధం 36 ఓమ్‌ల దగ్గర ఉంటుంది, వంచినకొద్దీ పెరిగి మన కేబుల్‌కు కావలసిన 50 దగ్గరికి వస్తుంది. కళ్లకు తగలకుండా రేడియల్ కొసలకు ప్లాస్టిక్ టోపీలు తొడగండి.

పీవీసీ పైపు పీఎల్-259 దూరేంత లావు ఉండాలి. కేబుల్ పైపు లోపలి నుంచి పైకి వచ్చి కనెక్టర్‌కు తగులుతుంది, కనెక్టర్ పైపు మూతి మీద కూర్చుంటుంది, వంగిన రేడియల్స్ పైపు చుట్టూ గొడుగులా నిలుస్తాయి.

ఇప్పుడు ట్యూనింగ్. నానోవీఎన్‌ఏ (యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం) ఉంటే ఇది ఆటే. లేకపోతే ఏ క్లబ్బు మిత్రుడి దగ్గరైనా ఉంటుంది, బెంగళూరులో హ్యాములకు కొదవ లేదు. పరికరాన్ని 140 నుంచి 150 మెగాహెర్ట్జ్‌కు అమర్చి, ఓపెన్, షార్ట్, లోడ్ అనే మూడు కొలత ముక్కలతో కాలిబ్రేషన్ చేయండి. యాంటెన్నా తగిలించే కేబుల్ కొసన చేస్తేనే లెక్క సరిగా వస్తుంది. యాంటెన్నాను మనిషికీ గోడకూ ఇనుప గ్రిల్‌కూ దూరంగా, కనీసం రెండు మీటర్ల ఎత్తున నిలపండి. ఇంట్లో మంచం మీద పెట్టి కొలిస్తే వచ్చే సంఖ్య మిద్దె మీద నిలవదు.

ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్‌లో ఎంత వెనక్కి వస్తోందో తెలిపే నిష్పత్తి, 1 అయితే ఉత్తమం) గీత ఎక్కడ అడుగంటుతోందో చూడండి. పొడవు ఎక్కువ ఉంచాం గనుక అది 145 కి దిగువన, 138–140 వైపు కనిపించవచ్చు. అలా ఉంటే పరికరం చూపే హద్దులను కిందికి పెంచి, మళ్లీ కాలిబ్రేట్ చేసి చూడండి. నిలువు కడ్డీ ఒక సెంటీమీటరు తగ్గితే అడుగు దాదాపు 3 మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది. మొదట అర సెంటీమీటరు చొప్పున, దగ్గర పడ్డాక రెండు మిల్లీమీటర్ల చొప్పున కత్తిరించండి. తర్వాత రేడియల్స్‌ను నాలుగూ సమానంగా 52 కు తెచ్చి మళ్లీ చూడండి. అడుగు 145 దగ్గర ఉన్నా విలువ 1.5 కన్నా ఎక్కువ ఉంటే కత్తిరింపు ఆపి, రేడియల్స్ వంపు మార్చండి.

1.0 కోసం పట్టుబట్టకండి. ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 వద్ద వెనక్కి వచ్చేది 4 శాతం పవర్, 2 వద్ద 11 శాతం. 1.3 ని 1.1 చేయడానికి పెట్టే పూటను కేబుల్ మీద పెడితే మేలు.

సంతృప్తి కలిగాక వాన నుంచి కాపాడండి. మధ్య పిన్ను చుట్టూ సిలికోన్ పూయండి, కానీ పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, అది రాగినీ ఇత్తడినీ తింటుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది తీసుకోండి. కింది కనెక్టర్ జోడు మీద తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు సాగదీసి చుట్టి, దాని మీద మామూలు టేపు చుట్టండి.

ఈ యాంటెన్నా యూహెచ్‌ఎఫ్‌లో ముప్పావు తరంగంగా పనిచేస్తుంది. మ్యాచింగ్ ఓ మోస్తరుగా ఉంటుంది గానీ శక్తిలో ఎక్కువ భాగం దిగంతం మీదుగా కాక పైకి పోతుంది. యూహెచ్‌ఎఫ్ ముఖ్యమైతే 16.4 సెంటీమీటర్ల కడ్డీతో ఇలాంటిదే ఇంకొకటి చేసుకోండి.

నాలుగో మెట్టు: కేబుల్, ఫిల్టర్

మిద్దె మీద సంపాదించినదంతా కేబుల్‌లో పోగొట్టుకునే వారు ఎక్కువ. సన్నని ఆర్‌జీ-58 రకం కేబుల్ పది మీటర్లు వాడితే 145 వద్ద దాదాపు 2 డెసిబెల్స్ పోతాయి, అంటే ఐదు వాట్లలో మూడు మాత్రమే పైకి చేరతాయి. 435 వద్ద దాదాపు 4 డెసిబెల్స్, అంటే సగానికన్నా తక్కువ చేరుతుంది. ఆర్‌జీ-213 వాడితే నష్టం సగానికి పైగా తగ్గుతుంది. ఎల్‌ఎంఆర్-400 ఇంకా మెరుగు, కాకపోతే బిరుసు, సన్నని మలుపులు తిప్పలేం. పది మీటర్ల లోపు వీహెచ్‌ఎఫ్ మాత్రమే అయితే ఆర్‌జీ-58 తో సర్దుకోవచ్చు. ఆ పైన మంచి కేబుల్‌కే డబ్బు పెట్టండి. టీవీ కేబుల్ 75 ఓమ్‌లది, నష్టం తక్కువే అయినా కనెక్టర్ల తలనొప్పి ఎక్కువ.

బరువైన కేబుల్‌ను నేరుగా హ్యాండీకి తగిలించకండి. ఎస్‌ఎంఏ కనెక్టర్ ఆ లాగుడుకు తట్టుకోదు, లోపలి బోర్డు మీది సోల్డర్ విరుగుతుంది. ఆర్‌జీ-316 తో చేసిన ముప్పై సెంటీమీటర్ల సన్నని పిగ్‌టెయిల్ (పొట్టి అతుకు కేబుల్) మధ్యలో పెట్టి, లావు కేబుల్‌ను గోడకు బిగించేయండి.

మంచి యాంటెన్నా పెట్టగానే కొందరికి వింత అనుభవం ఎదురవుతుంది: రబ్బరు యాంటెన్నాతో వినిపించిన స్టేషన్ మిద్దె యాంటెన్నాతో వినిపించదు. యాంటెన్నా చెడిందని దించేస్తారు. తప్పు దానిది కాదు. నగరంలో 88–108 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం ప్రసారాలు, ఇతర బలమైన ట్రాన్స్‌మిటర్లు ఆ యాంటెన్నా ద్వారా ఒక్కసారిగా సెట్టులోకి దూకుతాయి. చవక హ్యాండీల రిసీవరుకు ముందు గట్టి ఫిల్టర్ ఉండదు గనుక అది ఉక్కిరిబిక్కిరై చెవిటిదవుతుంది. పరీక్ష సులువు: సెట్టులో 145 వద్ద బలహీనమైన స్టేషన్ వింటూ యాంటెన్నా కనెక్టర్‌ను కాస్త వదులు చేయండి. స్టేషన్ ఇంకా స్పష్టమైతే రోగం ఇదే. మందు, సెట్టుకూ కేబుల్‌కూ మధ్య 144–146 ను మాత్రమే పోనిచ్చే బ్యాండ్‌పాస్ ఫిల్టర్, లేదా ఎఫ్ఎం బ్యాండును ఆపే నాచ్ ఫిల్టర్. మన ప్రసారం కూడా దాని గుండానే పోతుంది గనుక అది కనీసం పది వాట్లు తట్టుకునేదై ఉండాలి. వినడానికి మాత్రమే చేసిన ఫిల్టర్లు పెడితే పీటీటీ నొక్కగానే కాలిపోతాయి.

మిద్దె మీద జాగ్రత్తలు

కరెంటు తీగలు ఇళ్లను ఒరుసుకుంటూ పోయే వీధులు మన ఊర్లో చాలా ఉన్నాయి. యాంటెన్నా గొట్టం జారి పడితే ఎటు పడినా తీగను తాకనంత దూరంలోనే నిలపాలి. గొట్టం, యాంటెన్నా మొత్తం పొడవుకు కనీసం రెట్టింపు దూరం పెట్టుకోండి. ఇది రాజీ లేని నియమం. ఒంటరిగా ఎత్తకండి.

ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు బెంగళూరు మీద ఉరుములతో విరుచుకుపడతాయి. మబ్బు కమ్మగానే కేబుల్‌ను సెట్టు నుంచి విప్పి, కొసను కిటికీ బయట పెట్టండి. వాడని రోజుల్లో విప్పి ఉంచడమే అలవాటు చేసుకోండి. కేబుల్ ఇంట్లోకి వచ్చే ముందు కిందికి ఒక వంపు వదిలితే వాననీరు అక్కడే కారిపోతుంది. అద్దె ఇంట్లో ఉంటే యజమానితో, అపార్ట్‌మెంటు అయితే సంఘంతో ముందే మాట్లాడండి. లైసెన్సు ప్రతి చూపించి, ఇది సెల్ టవర్ కాదని, ఐదు వాట్లేనని ఓపికగా చెబితే సాధారణంగా అడ్డు చెప్పరు. నీళ్ల ట్యాంకు నిచ్చెనకు కట్టకుండా, ప్లంబరు దారికి అడ్డు రాకుండా చూసుకుంటే ఆ స్నేహం నిలుస్తుంది.

ఐదో మెట్టు: కొండ ఎక్కడం, గురిపెట్టడం

మిద్దె లేనివారికి కొండలున్నాయి. నంది కొండ శిఖరం సముద్రమట్టానికి 1478 మీటర్లు, చుట్టుపక్కల మైదానం కన్నా సుమారు 550 మీటర్లు ఎక్కువ. ఆ ఎత్తుకు మన లెక్క ప్రకారం దిగంతం దాదాపు 97 కిలోమీటర్లు. అక్కడి నుంచి తోక కట్టిన హ్యాండీతో హిందూపురం వైపు పిలవడం సమంజసమైన ఆశే. అటు మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ మీద మరో హ్యామ్ నిలబడితే, గాలి దూరం 80 కిలోమీటర్లు దాటినా రెండు వైపులా ఎత్తే గనుక ఐదు వాట్లు చాలే అవకాశం బాగా ఉంది. రిపీటర్ లేకుండా, సింప్లెక్స్‌లో, రెండు రాష్ట్రాల మధ్య నేరుగా. ప్రయత్నించేటప్పుడు 145.8 నుంచి 146 దాకా ఉపగ్రహాలకు వదిలేసిన భాగమని, 144 తొలి భాగం మోర్స్, ఎస్‌ఎస్‌బీ (ఎఫ్ఎం కాని మరో మాట పద్ధతి) వారిదని గుర్తుంచుకుని, మధ్యలో ఖాళీ చూసుకోండి.

ఒకే దిక్కుకు దూరం కావాలంటే కొలత టేపుతో యాగీ యాంటెన్నా చేసుకోవచ్చు. పాత ఇనుప కొలత టేపు, పీవీసీ పైపు, గొట్టం బిగించే క్లాంపులు చాలు. వెనుక రిఫ్లెక్టర్ 105 సెంటీమీటర్లు. దాని నుంచి 20 సెంటీమీటర్ల ముందు, కేబుల్ తగిలే మూలకం: 45 సెంటీమీటర్ల రెండు ముక్కలు, మధ్యలో రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ. దాని నుంచి 32 సెంటీమీటర్ల ముందు డైరెక్టర్ 89 సెంటీమీటర్లు. కేబుల్ సోల్డర్ చేసే చోట టేపు రంగు పూర్తిగా గీకేయాలి. ఖాళీ రెండు వైపులనూ కలుపుతూ 12.7 సెంటీమీటర్ల గట్టి రాగి తీగను యూ ఆకారంలో వంచి సోల్డర్ చేయండి, రెండు కాళ్ల మధ్య దూరం రెండు సెంటీమీటర్ల లోపు. ఎస్‌డబ్ల్యూఆర్ కుదిరేదాకా ఆ దూరాన్ని అటూ ఇటూ సవరించాలి. ఎఫ్ఎం కోసం మూలకాలను నిలువుగా పట్టుకోండి. టేపు మడత పడుతుంది గనుక బస్సులో తీసుకెళ్లినా ఇబ్బంది లేదు.

ఆకాశం వైపు

దిగంతం అడ్డే లేని దారి ఒకటుంది. బెంగళూరు ఇస్రో కేంద్రంలో రూపుదిద్దుకున్న హ్యామ్‌శాట్ ఉపగ్రహం 2005 మే 5 న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద వెళ్లి, 2014 దాకా ప్రపంచ హ్యాములకు సేవ చేసింది. ఇప్పుడు హ్యాండీ వారికి అందేవాటిలో ఒకటి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని క్రాస్‌బ్యాండ్ రిపీటర్ (ఒక బ్యాండులో విని మరో బ్యాండులో పలికేది). అది ఆన్‌లో ఉన్న రోజుల్లో 145.990 మీద, 67 హెర్ట్జ్ టోన్‌తో ప్రసారం చేయాలి, 437.800 మీద వినాలి. రెండూ మన బ్యాండ్ల లోపలే ఉన్నాయి. కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తున వేగంగా కదులుతుంది గనుక వినే ఫ్రీక్వెన్సీ జరుగుతూ ఉంటుంది. ప్రసారం అన్నిటిలోనూ 145.990, 67 టోన్‌గా ఉంచి, వినడానికి 437.810, 437.805, 437.800, 437.795, 437.790 అని ఐదు ఛానెళ్లు వరుసగా ప్రోగ్రామ్ చేసుకోండి. కేంద్రం ఉదయించేటప్పుడు మొదటిదానితో మొదలుపెట్టి, నెత్తిమీదికి వచ్చేసరికి మూడోదానికి, అస్తమించేసరికి చివరిదానికి రండి. స్క్వెల్చ్ పూర్తిగా తెరిచి, ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. పైకి చూసే యాంటెన్నాకు నిలువు నియమం వర్తించదు, సిగ్నల్ తగ్గినప్పుడల్లా మణికట్టు తిప్పి చూడండి.

సంభాషణ క్లుప్తంగా ఉండాలి: కాల్‌సైన్, గ్రిడ్ (భూమి మీద మనం ఉన్న గడికి గుర్తు), ధన్యవాదం. గ్రిడ్ చెప్పేటప్పుడు ఎక్కడ నిలబడ్డారో చూసుకోండి. 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం బెంగళూరును రెండుగా కోస్తుంది. జయనగర్, మారతహళ్లి ఎంకే82 లోకి వస్తాయి, హెబ్బాళ, యలహంక ఎంకే83 లోకి.